రామతులసి గొంతు

రామతులసికి నెమ్మదిగా మాట్లాడటం రాదు. ఈ సంగతి ఆమె పనిచేసే సర్కారు ఆరోగ్య కేంద్రంలో అందరికీ తెలుసు. బయట ఆటో స్టాండులో వాళ్లకి ఇంకా బాగా తెలుసు. మందుల కిటికీ వెనక కూర్చుని ఆ పిల్ల "పరగడుపున ఒకటి, పడుకునే ముందు ఒకటి" అందంటే, రోడ్డవతల ఇడ్లీలు తింటున్నవాళ్లు కూడా బుద్ధిగా తలూపేవారు.

పాపం, ఆమె తప్పేమీ లేదు. కిటికీకి అడ్డంగా మందపాటి అద్దం, అందులో చెయ్యి పట్టేంత కంత, అవతల సగంమంది చెవులు సరిగ్గా వినపడని పెద్దవాళ్లు. ఒకసారి కనకాలపేట తాతగారొకాయన పూటకి సగం వేసుకోవలసిన షుగర్ బిళ్లలు రెండేసి మింగి కళ్లు తిరిగి పడిపోయాడు. ఆ రోజు ఏడ్చిన ఏడుపుతో గొంతు పెంచింది, మళ్లీ తగ్గించలేదు.

ఆషాఢంలో ఒక గురువారం, ముసురు పట్టి యానాం వీధులన్నీ చిత్తడిగా ఉన్న వేళ, కంతలోంచి ఒక చీటీ లోపలికి వచ్చింది. పేరు ఉమామహేశ్వరం. తలెత్తి చూస్తే అవతల ముప్పై దాటిన మనిషి, పొట్టిగా కత్తిరించిన జుట్టు, ఇనప కడ్డీ మింగినట్టు నిటారుగా నిలబడి ఉన్నాడు.

"తాతగారు రాలేదాండి?" అంది రామతులసి.

"ఆ తాతగార్ని నేనేనండి. మా తాత పేరు పెట్టారు."

అతని కళ్లలో చిన్న నవ్వు మెరిసింది. ఆ నవ్వు చూసి ఈమె తడబడింది. తడబాటు కప్పుకోవడానికి గబగబా బిళ్లలు తీసి, అలవాటు కొద్దీ మామూలు కంటే ఇంకాస్త గట్టిగా అందుకుంది. "ఇది నిద్రకండి. ఇది కంగారు తగ్గడానికి. బాగుంది కదా అని మధ్యలో మానేయకూడదు. వారం వారం పైన జోసెఫిన్ మేడమ్ దగ్గర కౌన్సెలింగ్‌కి రావాలి."

లైను మొత్తం మాటలాపి అతని వైపు చూసింది. అతని మొహంలో నవ్వు ఆరిపోయింది.

"బాగా అర్థమైందండి. నాకే కాదు, అందరికీ," అన్నాడు. బిళ్లలు అక్కడే వదిలేసి వానలోకి నడిచి వెళ్లిపోయాడు.

ఉమామహేశ్వరం పదహారేళ్లు సైన్యంలో, ఇంజనీర్ల రెజిమెంటులో పనిచేసి కిందటి చలికాలం ఇంటికి వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి నిద్ర లేదు. తల్లికి తెలియకుండా, ఎంతో గుంజాటన పడి, మాజీ సైనికుల కోసం పై గదిలో గురువారాలు జోసెఫిన్ నడిపే సమావేశానికి వెళ్లడం మొదలుపెట్టాడు. పుదుచ్చేరి నుంచి వచ్చిన డాక్టరు ఆ మందులు రాసింది కూడా ఆ రోజే.

చిన్న ఊరు కదా, కబురుకి ఆటో కూడా అక్కర్లేదు. సాయంత్రానికి అది ముమ్మిడివరం చేరింది. శ్రావణంలో తాంబూలాలు పుచ్చుకుందామనుకున్న అక్కడి పిల్ల తరఫువాళ్లు, అబ్బాయికి పిచ్చి మందులు వాడుతున్నారట కదా, మాకొద్దులెండి అని ఫోను చేసి చెప్పేశారు.

వారం తర్వాత అతని తల్లి మందుల కిటికీ దగ్గరికి వచ్చింది. దెబ్బలాడుతుందేమోనని రామతులసి సిద్ధంగా ఉంది. ఆవిడ దెబ్బలాడలేదు.

"సంబంధం పోతే ఇంకోటి వస్తాది అమ్మాయ్. మావోడు డాక్టరు దగ్గరికెళ్తన్నాడన్న సంగతి నేను బజార్లో విన్నాను. ఇప్పుడు ఆ ఎళ్లడం కూడా మానేశాడు. అదీ నా బాధ."

ఆ పూట రామతులసికి అన్నం సహించలేదు. మర్నాడు పక్కగదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు వేయించింది. ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి మందులు చెప్పడం మొదలుపెట్టింది. లైను పెరిగింది, జనం విసుక్కున్నారు. ఇదేమిటని పెద్ద డాక్టరుగారు అడిగితే, ఎవరి మందుల సంగతి వాళ్లకే తెలియాలండి అని నెమ్మదిగా జవాబు చెప్పింది. ఆయన ఆమె గొంతు పాడైందనుకుని ఉప్పునీళ్లు పుక్కిలించమని సలహా ఇచ్చాడు.

ఆదివారం పొద్దున్నే గోదావరి ఒడ్డుకి వెళ్లింది. మావాడు రోజూ అక్కడే కూర్చుంటాడని ఆ తల్లే చెప్పింది. మెట్ల మీద కూర్చున్న మనిషి ఈమెను చూసి లేచాడు. సరిగ్గా అప్పుడే వాన అందుకుంది. ఇద్దరూ పరుగెత్తి పక్కనున్న టీ బడ్డీ రేకు కిందికి చేరారు.

"నా వల్లే మీ సంబంధం పోయిందండి. క్షమించండి."

"పోనీలెండి. ఆ అమ్మాయి అదృష్టవంతురాలు."

"నవ్వకండి. నిద్ర పడుతోందా?"

అతను ఏటి వైపు చూశాడు. "పడుకుంటున్నానండి," అన్నాడు.

అది జవాబు కాదని ఆమెకు తెలుసు. "రెజిమెంటులో జ్వరమొచ్చి బిళ్ల ఇస్తే వేసుకునేవారా, పక్కనోళ్లు చూస్తన్నారని పారేసేవారా?" అని అడిగింది.

"అక్కడ ఆర్డరండి అది."

"అయితే ఇదీ ఆర్డరే అనుకోండి. గురువారం రండి."

"ఇంత మెల్లగా చెప్తే ఆర్డరెలా అవుద్దండి?"

రామతులసి ఫక్కున నవ్వేసింది. అతనూ నవ్వాడు. వాన తగ్గాక కూడా ఇద్దరూ కాసేపు ఆ రేకు కిందే నిలబడ్డారు. ఎందుకని అడిగితే చెప్పడానికి ఇద్దరి దగ్గరా కారణం లేదు.

గురువారం అతను వచ్చాడు. పై గదిలో సమావేశం అయ్యాక కిందకి దిగి, పక్కగదిలో మందులు తీసుకున్నాడు. ఆ తర్వాత గేటు బయట టీ తాగుదామా అని అడిగింది ఎవరో ఇద్దరిలో ఒకరికీ గుర్తులేదు. ఆపైన ప్రతి గురువారం అదే వరస. అతను తమ రెజిమెంటు వంటశాలలో వంటవాడు సాంబారులో బెల్లం వేసిన కథ చెప్పేవాడు. ఈమె, బిళ్లలు చేదని పంచదారతో నూరుకుని తాగిన షుగర్ పేషెంటు కథ చెప్పేది. గురువారం వస్తే చాలు, రామతులసి పసుపుపచ్చ చీర కట్టేది. సాయిబాబాకి ఇష్టం కదా అని అక్కడి నర్సులతో అనేది. ఆ నర్సులు ఒకరినొకరు చూసుకుని తలలు దించుకునేవారు.

శ్రావణం వచ్చేసరికి అతను రాత్రికి నాలుగైదు గంటలు నిద్రపోతున్నాడు. ఆ వారం టీ గ్లాసు చేతిలో పట్టుకుని, ఇన్నాళ్లూ నిద్ర పట్టనివ్వని సంగతి ఇవాళ పైన చెప్పేశానండి అన్నాడు. మీకూ చెప్పొచ్చా అని అడిగి మరీ చెప్పాడు.

ఉత్తరాదిన వరదలొస్తే అతని దళాన్ని సాయానికి పంపారు. గోదావరి వాడివి, పడవ నీకే అలవాటు అని అతని చేతికి పడవ ఇచ్చారు. ఒక ఇంటి కప్పు మీద పిల్లాపాపలతో ఒక కుటుంబం, వాళ్లతో పాటు ఒక ముసలావిడ. పడవలో చోటు ఒకరికి చాల్లేదు. పిల్లల్ని దింపేసి రా బాబూ, నేనుంటాను అందట ఆవిడే. వెంటనే వస్తానని మాటిచ్చి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి అక్కడ కప్పు లేదు.

ఇంతే చెప్పాడు. రామతులసి ఓదార్పు మాటలేమీ వెతకలేదు. చల్లారిన అతని టీ తీసుకుని, వేడిది తెచ్చి ఇచ్చింది. అలా చేసినందుకు ఆ క్షణంలో అతనికి ఆమె మీద ప్రేమ కలిగింది. ఆమెకి అంతకు ముందే కలిగిందనుకోండి, అది వేరే సంగతి.

ఆ నెలాఖరున గోదావరి పొంగింది. ఫరంపేట పల్లపు వీధుల్లోకి నీళ్లొచ్చాయి. మందులు పట్టుకుని ఆరోగ్య కేంద్రం వాళ్లు పడవలో వెళ్లాలి. పడవ ఉంది, నడిపేవాడు ఇంకా రాలేదు. గట్టు మీద నిలబడ్డ ఉమామహేశ్వరాన్ని కుర్రాళ్లు పట్టుకున్నారు. మిలటరీ అన్న ఉండగా ఇంకొకరెందుకన్నారు. అతను కాదనలేకపోయాడు. ఒక కాలు పడవలో వేశాడు. రెండో కాలు గట్టు మీదనుంచి లేవలేదు. మొహం నిండా చెమట పట్టింది. వెనక ఎవరో, మిలటరీ అన్నకి నీళ్లంటే భయంరోయ్ అని కిసుక్కున నవ్వారు.

మందుల సంచితో పడవలో కూర్చున్న రామతులసి లేచి నిలబడింది. చాన్నాళ్ల తర్వాత ఆ గొంతు గట్టు పొడవునా వినిపించింది.

"ఆయన ఎక్కరు. ఎక్కాల్సిన పడవలన్నీ మనకోసమే ఎప్పుడో ఎక్కేశారు. నవ్వినోడెవడో వాడే వచ్చి తెడ్డు పట్టండి."

నవ్వినవాడే వచ్చి తెడ్డు పట్టాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి గట్టు మీద ఉమామహేశ్వరం లేడు. తర్వాతి గురువారం పైకీ రాలేదు, కిందకీ రాలేదు. పసుపుపచ్చ చీర ఊరికే నలిగింది.

మరో రెండు రోజులకి పక్కగది తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాకుండానే, తను వచ్చింది మందులకి కాదని చెప్పాడు.

"మీరు నా గురించి ఏమన్నా అనుకుంటంటే మానేయండి. ఊరందరి ముందు పడవెక్కలేకపోయాను. వాన పడితే రాత్రుళ్లు లేచి కూర్చుంటాను. ఇంకా ఎన్నాళ్లు కూర్చుంటానో డాక్టరుకే తెలీదు. మీకెందుకండి ఇదంతా?"

"నేనేమీ అనుకోలేదే," అంది రామతులసి. తర్వాత చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "అనుకున్నాను. కానీ మీరు పడవెక్కుతారని మాత్రం ఎప్పుడూ అనుకోలేదండి," అంది.

అతను గడప దాటి లోపలికొచ్చాడు.

"అమ్మగారికి చెప్పారా ఆ వరద సంగతి?" అంది రామతులసి.

"లేదు. జోసెఫిన్ మేడమ్ కూడా ఇంట్లో ఒకరికైనా చెప్పమంటన్నారు. అమ్మ తట్టుకోలేదేమోనని..."

"ముందు ఆవిడకి చెప్పండి. గురువారం పైకి వెళ్లండి. ఆ రెండూ అయ్యాక కూడా నన్ను వద్దనాలనిపిస్తే, అప్పుడు వింటాను."

అతను చెప్పాడు, చెప్పమన్నదెవరో కూడా చెప్పాడు. తల్లి ఎదురుగా కూర్చుని విన్నది. కొడుకు ఎవరినో చంపి ఉంటాడని, అది అడగకూడదని, ఇన్ని నెలలూ లోపల్లోపల కుమిలిపోయిన మనిషి ఆవిడ. అంతా విని, లేచి వెళ్లి కొడుక్కి అన్నం పెట్టింది. అతను తింటున్నంతసేపూ వీపు మీద చెయ్యి వేసే ఉంచింది. గురువారం అతను పైకీ వెళ్లాడు, కిందకి దిగి టీ తాగేటప్పుడు వద్దన్న మాట మళ్లీ ఎత్తలేదు.

మహాలయ అమావాస్య వచ్చింది. ఆ ఇంట్లో ఏటా పెద్దల పేరున స్వయంపాకం ఇస్తారు. తల్లి ఆ ఉదయం రామతులసికి కబురు పంపింది. ఎందుకో తెలియకుండానే ఆ పిల్ల వచ్చేసరికి, అరిటాకుల్లో బియ్యం, పప్పు, కూరలు సర్ది ఉన్నాయి. భర్తకి ఒకటి, అత్తమామలకి ఒకటి. పక్కన ఇంకొకటి ఉంది.

ఇదెవరికమ్మా అని ఉమామహేశ్వరం అడిగాడు.

"ఆ పెద్దావిడకి. పేరు తెలీదన్నావు కదా. పంతులుగార్ని అడిగాను. పేరు తెలీనోళ్లక్కూడా ఇవ్వొచ్చంట. నీ మాట నమ్మి ఉండిపోయిన మనిషి, మనకి పెద్దదే కదరా."

అతను అక్కడే అరుగు మీద కూర్చుని, ఇద్దరాడవాళ్లు చూస్తున్నారని కూడా లేకుండా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తల్లి ఆపలేదు. రామతులసి మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టి నిలబడింది. ఏడుపు సద్దుమణిగాక అతను లేచి, మూడో ఆకుని తన చేతులతోనే ఎత్తి పంతులుగారికి అందించాడు.

పంతులుగారు వెళ్లాక తల్లి రామతులసిని పక్కన కూర్చోబెట్టుకుంది.

"అమ్మాయ్, వీడు రాత్రుళ్లు లేచి కూర్చుంటాడు. ఎరుగుదువా?"

"ఎరుగుదునండి."

"మందులతో తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. అప్పుడు నువ్వేం చేస్తావు?"

రామతులసి అతని వైపు ఒక్కసారి చూసింది. తర్వాత ఆవిడ చెవికి మాత్రమే వినపడేలా జవాబు చెప్పింది.

"నేనూ లేచి కూర్చుంటానండి."

ఆవిడ ఆ పిల్ల చేతిని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. రేపట్నుంచి నవరాత్రులు, మంచి రోజులు, పొద్దున్నే మీ ఇంటికొస్తాం, అమ్మానాన్నల్ని ఎక్కడికీ వెళ్లొద్దని చెప్పమంది. ఏమందో, ఏమందో అని గుమ్మం దగ్గర తిరుగుతున్న ఉమామహేశ్వరానికి మాత్రం ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.