యాలక్కాయ నమిలేదాకా

"మీ క్లాసులో అందరికంటే బాగా చదివే స్టూడెంట్ మీరే, ముబీన్ గారూ," అంది సాహిరా.

మెచ్చుకోలేమోనని డాక్టర్ ముబీన్ నవ్వాడు. ఆ నవ్వు పూర్తి కాకముందే ఆమె మిగతాది అప్పజెప్పింది.

"ప్రశ్న మీరే అడిగినారు. జవాబూ మీరే చెప్పినారు. ఆ పిలకాయల్ని ఎందుకు పిలిచినట్టు, ఏసీలో కూర్చోడానికా?"

నెల్లూరులోని ఆ ఆస్పత్రిలో ఎమర్జెన్సీ డాక్టర్లకు పాఠం చెప్పడం నేర్పే ఫెలోషిప్ ఒకటుంది. ప్రాణం నిలబెట్టడం వచ్చినవాళ్ళందరికీ ఆ విద్యను ఇంకొకరికి అందించడం రాదు కదా, అందుకని. ఇద్దరిద్దరిని జత చేస్తారు. ఒకరు పాఠం చెబుతుంటే రెండోవారు వెనక బెంచీలో కూర్చుని చూడాలి. అయ్యాక, చెప్పినవాళ్ళే ముందు నోరు విప్పాలి: ఏది బాగా చేశాను, ఏది మార్చుకుంటాను అని. ఆ తర్వాతే చూసినవాళ్ళ వంతు. సాహిరా ఆ నియమాన్ని మొదటిరోజే తుంగలో తొక్కింది. ఆమెకు అంత ఒళ్ళు మండింది మరి.

"ఎమర్జెన్సీలో ఎదురుచూస్తా కూర్చుంటే పేషెంట్ మిగలడండీ," అన్నాడు ముబీన్ రోషంగా.

"ఇక్కడ పేషెంటెవరు? వాళ్ళు ఆలోచించుకునేదానికి కాస్త టైమిస్తే మీ సొమ్మేం పోతుంది?"

"నిశ్శబ్దమంటే నాకు భయం," అన్నాడు. అంత నిజం చెబుతానని అతనూ అనుకోలేదు. "మానిటర్ చప్పుడు ఆగిపోతే ఎట్టా ఉంటుందో మీకు తెలుసు కదా."

సాహిరాకు తెలుసు. ఆమెదీ అదే ఉద్యోగం. ఆమె చూపు మెత్తబడింది. హ్యాండ్‌బ్యాగులో వెతికి ఒక యాలక్కాయ తీసి అతని చేతిలో పెట్టింది.

"ప్రశ్న అడగంగానే ఇది నోట్లో వేసుకోండి. నమిలేదాకా మాట్లాడొద్దు."

ఆ తర్వాత ప్రతి క్లాసుకీ ఆమె ఒక యాలక్కాయ ఇవ్వడం, అతను దాన్ని తెల్లకోటు జేబులో దాచుకోవడం మామూలైపోయింది. సారు పాయసం తాగి వస్తారని జూనియర్లు చెవులు కొరుక్కున్నారు. క్లాసులు మాత్రం బాగుపడ్డాయి. క్లాసు బయటి ముబీనే బాగుపడలేదు.

ఫెలోషిప్ ముగింపుకొచ్చింది. సాహిరాను ఇక్కడే టీచింగ్‌లో ఉండిపొమ్మన్నారు. గుంటూరులోని ఆమె పాత ఆస్పత్రి తిరిగి రమ్మంటోంది. త్వరలో ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. ఇక వెనక బెంచీలో ఆమె ఉండదేమోనని తలుచుకుంటేనే ముబీన్‌కు అన్నం సయించడం లేదు. అతను ఆమెను ప్రేమిస్తున్నాడని ఆస్పత్రిలో అందరికీ తెలుసు. ఆమెకు చెప్పడమే తరువాయి.

బయట వాన దంచికొడుతుంటే, క్యాంటీన్‌లో టీ తాగుతూ ధైర్యం చేశాడు.

"ఇక్కడ ఉండిపోతారా, సాహిరా గారూ?"

ఆమె గ్లాసు కిందపెట్టింది. కళ్ళెత్తి అతన్ని చూసింది. ఏదో చెప్పబోయింది.

"ఎందుకుంటార్లే," అనేశాడు ముబీన్. "గుంటూరంటే పెద్ద ఆస్పత్రి. మీకు అదే మంచిది. నన్నడిగినా పొమ్మనే చెప్తా."

"సరే. జవాబు తెలిసే అడిగినారు కదా," అని సాహిరా లేచి వెళ్ళిపోయింది. ఆమె టీ సగం అలాగే ఉంది.

ఆ రోజు నుంచి పని మాటలు తప్ప వేరే మాట లేదు. యాలక్కాయలూ ఆగిపోయాయి. ఆమె మంచి కోరి అన్న మాటకు ఇంత కోపమేమిటో ముబీన్‌కు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

చివరి పాఠం బోగోలు మండలంలో, సముద్రం ఒడ్డున ఒక పల్లెలో. నీళ్ళలో మునిగినవాళ్ళను ఎలా బతికించాలో చేపలు పట్టే కుటుంబాలకు నేర్పాలి. తుఫాను షెల్టర్ వరండాలో ప్లాస్టిక్ బొమ్మను పడుకోబెట్టారు. సాహిరా అందరి వెనక కూర్చుంది.

"మనిషిని నీళ్ళలోంచి బయటికి లాగినాం. ఊపిరి లేదు. ముందు ఏం చేస్తారక్కా?" అని ముబీన్ ముందు వరసలో ఉన్న మస్తానమ్మను అడిగాడు.

మస్తానమ్మ తల దించుకుంది. ఎవరూ ఉలకలేదు, పలకలేదు. జవాబు అతని నాలుక చివరిదాకా వచ్చేసింది. జేబు తడుముకుంటే, ఎప్పుడో మిగిలిపోయిన యాలక్కాయ ఒకటి తగిలింది. నోట్లో వేసుకున్నాడు. అలల హోరు తప్ప ఇంకేమీ వినపడడం లేదు. నమలడం అయిపోవచ్చింది.

"మేమైతే తలకిందులు చేసి నీళ్ళు కక్కిస్తాం సార్," అంది మస్తానమ్మ చివరికి, చాలా మెల్లగా. "మా మరిదిని అట్టనే చేసినాం. దక్కలేదు. అది తప్పా సార్?"

ఇన్నేళ్ళూ ఆమె ఆ మాట ఎవరినీ అడిగి ఉండదు. అతను తొందరపడి ఉంటే ఇవాళా అడిగేది కాదు.

ముబీన్ ఆమె ఎదుట మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"బతికించుకోవాలనే చేసినారక్కా. మీకు ఎవరూ నేర్పలేదు, అంతే. రాండి, ఇప్పుడు నేర్చుకుందాం."

మస్తానమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని బొమ్మ దగ్గరికొచ్చింది. అతను చూపించినట్టే ముందు ఊపిరి ఊది, తర్వాత ఛాతీ మీద నొక్కింది. చేతులు కట్టుకుని చూస్తున్న ముబీన్‌కు ఉన్నట్టుండి క్యాంటీన్ గుర్తొచ్చింది. సాహిరా ఆ రోజు ఏం చెప్పబోయిందో అతనికి ఇప్పటికీ తెలియదు. ఆమె జవాబు కూడా తనే చెప్పేశాడు.

పాఠం ముగిసి జనం వెళ్ళిపోయారు. సన్నగా చినుకులు మొదలయ్యాయి. ఒడ్డున లాగిపెట్టిన పడవ పక్కన సాహిరా నిలబడి ఉంది.

"ముందు మీరే చెప్పాల," అంది పొడిగా. "ఏది బాగా చేసినారు?"

"ఎదురుచూసినాను."

"ఏది మార్చుకుంటారు?"

"క్యాంటీన్‌లో అడిగిన ప్రశ్న. అది మళ్ళీ అడగాల." ఆమె వైపు ఒక అడుగు వేశాడు. "మీరంటే నాకు ప్రాణం, సాహిరా గారూ. ఇక్కడ ఉండిపోతారా, నాతో?"

అలవాటుగా చెయ్యి జేబులోకి పోయింది. జేబు ఖాళీ. పెదవులు బిగించి నిలబడ్డాడు.

సాహిరా అది గమనించింది. తాపీగా హ్యాండ్‌బ్యాగు తెరిచి, ఒక యాలక్కాయ తీసి, తన నోట్లోనే వేసుకుంది. అతన్నే చూస్తూ నింపాదిగా నమిలింది. ఆమె కనురెప్పల మీద చినుకులు నిలిచాయి. పర్లేదులే, వద్దంటే వద్దనండి అనే మాట ముబీన్ గొంతులోకి వచ్చి, మళ్ళీ లోపలికే పోయింది. ఈసారి ఆమె మాట ఆమెకే వదిలేశాడు.

"ఉంటాను," అంది సాహిరా. "ఆ రోజూ ఇదే చెప్పబోయినా. మీరు పొమ్మన్నారు."

ఆమె అతని చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"మా ఊరు దొరవారిసత్రం వచ్చి మా అమ్మతో మాట్లాడాల. ఆమె ప్రశ్నలడిగేటప్పుడు మాత్రం యాలక్కాయ నమలొద్దండీ. టక్కున చెప్పేయండి. ఆమెకు ఆగే అలవాటు లేదు."

"ఎప్పుడు రమ్మంటారు?" అని అడిగి, "ఈ ఆదివారమే వస్తా," అని ముబీన్ తనే చెప్పేశాడు.

సాహిరా పకపకా నవ్వింది. ఆ ఒక్క జవాబుకు మాత్రం తప్పు పట్టలేదు.