పూలు కోయరాదు

శిలానగరంలో ఆ ఉదయం కూడా లిఫ్టులు మనుషుల్ని మేడమీది ఎగిరే బండ్ల దగ్గరికే మోసుకెళ్లాయి. నేల తొక్కవలసిన పని ఎవరికీ లేదు. నలభై అంతస్తుల బ్లాకులను వరసగా నిలబెట్టి, మధ్య నేలను సిమెంటుతో కప్పి, దానికి ఆదర్శ నివాసమని పేరు పెట్టిన గత శతాబ్దపు మేధావులను తలుచుకుంటే డాక్టర్ కుముదినికి ఈ వయసులోనూ ఒళ్లు మండేది. తానూ ఆ పెట్టెల్లో ఒకదానిలోనే ఉంటోంది. జనం ఖాళీ చేసిపోతున్న ఈ కాలనీని కూల్చేయాలని నగర మండలి నిర్ణయించింది. దాన్ని మళ్లీ బతికించి చూపడానికి ఆమె పోరాడి తెచ్చుకున్న గడువు ఒక్క ఏడాది.

ఆమె ఆవిష్కరణ పేరు ‘పచ్చమేధ’, తోటను పెంచే మాట్లాడే యంత్రం. సిమెంటు తొలగించిన నేలలో వెంట్రుకకన్నా సన్నని వేరుతంతువులు, అంటే బయో సెన్సర్లు, పరుచుకుని ఉంటాయి. మనుషులు ఎక్కడ, ఎంతసేపు నిలబడ్డారో గ్రహిస్తాయి. ఏ కొమ్మ ఎటు వంగాలో, ఎక్కడ పూయాలో హార్మోన్లతో నిర్దేశిస్తాయి. మనుషులు నేలమీదికి దిగివచ్చేలా తోటను దిద్దడమే దానికి అప్పగించిన పని.

కొన్ని నెలల్లో తోట చూడముచ్చటగా ఎదిగింది. జనం బాల్కనీల్లోంచి చూసి సంతోషించారు, దిగి మాత్రం రాలేదు. దిగివచ్చినవాడు కాలనీ సంఘం అధ్యక్షుడు పైడిరాజు ఒక్కడే. అతడు ప్రతి బ్లాకు ముందూ ‘పూలు కోయరాదు’ అన్న బోర్డు పాతించి పైకి వెళ్లిపోయాడు.

ఆ తరువాత తోట తీరు మారింది. ఏడో బ్లాకువారు అడిగి వేయించుకున్న మందారం గోడ దాటి ఎనిమిదో బ్లాకు వైపు వంగింది. ఎనిమిదో బ్లాకు నందివర్ధనం తొమ్మిదో బ్లాకువారి చేతికందేలా దిగింది. సొంతవారి వైపు ఆకులే మిగిలాయి. పూజపూలు పోతున్నాయని గొడవ మొదలైంది. పచ్చమేధను పీకించేయాలని పైడిరాజు సర్వసభ్య సమావేశం పిలిచాడు.

కుముదిని యంత్రాన్ని నిలదీసింది. “ఏమిటీ వంకర డిజైను?”

“తమ ముంగిట పూసినదాన్ని వీరు చూసి ఊరుకుంటారు,” అంది పచ్చమేధ. “పక్కవారి పూలకోసమైతే తెల్లవారకముందే దిగుతారు. కోసినవారూ, వారిని పట్టుకున్నవారూ చాలాసేపు అక్కడే నిలబడుతున్నారు.”

సమావేశంలో పైడిరాజు దొంగతనాల గురించి సుదీర్ఘంగా మాట్లాడాడు. తీర్మానం నెగ్గితే కాలనీ లేనట్టే. అప్పుడు ఏడో బ్లాకు నూకరత్నం లేచింది.

“నా మందారాలు కోసీవోళ్లని పట్టీద్దామని కాపు కాసినాను బాబూ. పట్టీసినాను గూడాను. ఎనిమిదో బ్లాకు పార్వతమ్మ! ఇన్నేళ్లూ ఆవిడ పేరే నాకు తెల్దు. ఇప్పుడు రోజూ టీ మా ఇంట్లోనే తాగతాది. యంత్రం పీకీసి మళ్లీ తలుపులేసుకుందుమా?”

తలలు వంచుకుని నవ్వినవారి సంఖ్యను బట్టే ఎంతమంది దొంగలో అర్థమైంది. తీర్మానం వీగిపోయింది. నేలమీది సందడి చూసి నగర మండలి కూల్చివేతను విరమించుకుంది.

కృతజ్ఞతతో కుముదిని, ఇక బోర్డులు తీయించేస్తానని పచ్చమేధకు చెప్పింది.

“తీయకండి,” అంది యంత్రం. “గాలికి బోర్డు పడిపోయిన మూడో బ్లాకు దగ్గర ఇప్పుడెవరూ ఆగడం లేదు.”

ఇంతేనా మనుషులంటే, అని ఆమె చిరాకుపడింది. మరునాడు తెల్లవారుజామున, ఆ బోర్డు తిరిగి పాతించే నెపంతో కిందికి దిగింది. పక్క బ్లాకు నందివర్ధనం మంచుకు తడిసి మెరుస్తోంది. ఆమె అటూ ఇటూ చూసి చెయ్యి చాచింది. కొమ్మ అందలేదు.

వెనకనుంచి ఒక కొక్కెం కర్ర వచ్చి దాన్ని మెల్లగా కిందికి వంచింది.

“వేగిరం కానీయండి మేడమ్, ఎవరైనా వచ్చేస్తారు,” అన్నాడు పైడిరాజు గుసగుసగా. అతని చేతిలోని సంచీ అప్పటికే సగం నిండి ఉంది.