తొట్టిలో నానిన దుప్పట్లు

శనివారం ఉదయం గున్వోర్ కాఫీ కాచి ఫ్లాస్కులో పోసి, కూతురు వస్తోందేమోనని కిటికీలోంచి చూస్తోంది. స్వీడన్‌లోని యేవ్లె ఊళ్ళో మే నెల ఎండ వచ్చిందంటే ఇంట్లో కూర్చునేవాళ్ళు తక్కువ. కింద వాకిట్లో ఎవరో తివాచీ దులుపుతున్నారు. ఇంకెవరో సైకిలుకు గాలి కొడుతున్నారు. గున్వోర్‌కి మాత్రం ఈ రోజు ఎలాగైనా రద్దయిపోతే బాగుండునని ఉంది.

ఈ రోజు అపార్ట్‌మెంట్ల సంఘం వార్షిక సమావేశం. అందులో కూతురు తూవా మాట్లాడబోతోంది. తూవా సాఫ్ట్‌వేర్ డిజైనర్. కింద సెల్లార్లో అందరికీ కలిపి ఉన్న లాండ్రీ గది బుక్ చేసుకోవడానికి ఈ బిల్డింగు వాళ్ళంతా వాడుతున్న యాప్ ఆమె తయారు చేసిందే. అంతకుముందు ఆ గది తలుపు పక్కన ఒక పలక వేలాడేది. దాని మీద రోజులకీ గంటలకీ చిన్న చిన్న గళ్ళు. ఎవరి ఫ్లాటు నంబరున్న తాళం వాళ్ళు తమకు కావలసిన గడిలో బిగించుకుంటే ఆ సమయం వాళ్ళదే. ఇక్కడి జనం తమ కారు స్థలంలో కారు పెట్టినవాడినైనా క్షమిస్తారు గానీ, తమ ఉతుకుడు వేళకి అడ్డొచ్చినవాడిని చచ్చినా క్షమించరు. అలాంటి పలకని శీతాకాలం మొదట్లో పీకేసి ఫోన్లో యాప్ పెట్టారు.

దానికి సంఘం ఒప్పుకోవడానికి కారణం తూవా తీసిన ఒక వీడియో. అందులో గున్వోర్ సోఫాలో కూర్చుని, ఫోన్ పైకెత్తి నవ్వుతూ, "ఇంత తేలికా! నాకే వచ్చేసింది!" అంటుంది. ఇప్పుడు సంఘానికున్న మిగతా బిల్డింగులకి కూడా ఆ యాప్ పెట్టాలా వద్దా అని ఓటు వేస్తారట. ఓటుకి ముందు గున్వోర్ అందరి ఎదుటా నిలబడి బుక్ చేసి చూపించాలి.

తూవా దాల్చినచెక్క బన్నుల సంచీతో లోపలికి వస్తూనే అడిగింది.

"అమ్మా, రెడీయేనా?"

"నేను రాలేనే తల్లీ. ఒంట్లో బాలేదు."

"నిన్న ఫోన్లో గలగలా మాట్లాడావుగా!"

"మోకాళ్ళు లాగేస్తున్నాయి."

"మోకాళ్ళతో నొక్కమంటున్నానా? వేలితో రెండుసార్లు నొక్కితే అయిపోయె. ఉండు, చెయ్యి కడుక్కుని వస్తా."

"అటు వెళ్ళకు! వంటింట్లో కడుక్కో!"

అప్పటికే తూవా బాత్‌రూమ్ తలుపు తీసేసింది. స్నానాల తొట్టి నిండా దుప్పట్లు నానుతున్నాయి. పైన కట్టిన తాడు మీంచి తువ్వాళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. తొట్టి అంచున బట్టల సబ్బు, బ్రష్షు. తూవా వెనక్కి తిరిగి తల్లి చేతుల వంక చూసింది. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం ఎర్రగా పగిలి ఉంది.

"కింద మెషీన్లు పాడయ్యాయా?"

"లేదు."

"మరి ఇదేంటి?"

గున్వోర్ ఆ చేతుల్ని ఏప్రాన్ కింద దాచుకుంది.

"శీతాకాలమంతా ఇలాగే ఉతుక్కున్నావా? నన్నొక్క మాట అడగొచ్చుగా అమ్మా!"

"ఏమని అడగను? మా అమ్మకే వచ్చేసిందని ఊరందరికీ చూపించుకున్నావు. ఇప్పుడొచ్చి రాలేదని చెప్పనా?"

"అంటే వీడియోలో అబద్ధం చెప్పావా?"

"నీ మొహం చూసి చెప్పాను. ఎంత ఆశగా చూస్తూ కూర్చున్నావో నీకు తెలీదు. ప్రతిసారీ నా వేలు ఎటు పోవాలో నువ్వే చూపించావు. అయిపోగానే చప్పట్లు కొట్టావు. నాకు వచ్చిందేమో అని నేనూ అనుకున్నాను. నువ్వు వెళ్ళాక ఒంటరిగా తెరిస్తే ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు."

తూవాకి ఒళ్ళు మండింది. సోమవారం కంపెనీలో తన తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ముందే చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదుగా! ఇంకో గంటలో అందరి ముందూ నిలబడాలి నేను!"

"నువ్వొక్కదానివే నిలబడాలా? పై అంతస్తు హెల్మెర్‌ని అడుగు. పాత పలక ఉంచండి, నాకీ ఫోను రాదు అని కమిటీని బతిమాలాడు. వాళ్ళేమన్నారో తెలుసా? గున్వోర్‌కి వచ్చింది కదా, నీకేం రోగం అన్నారు. ఆ రోజు నుంచీ మెట్ల మీద ఎదురైతే మొహం తిప్పుకుంటున్నాడు. బట్టల సంచీ మోసుకుని బస్సెక్కి వాళ్ళ చెల్లెలింటికి పోతున్నాడు. నా నోటి దురద వల్ల ఆ ముసలాడికి ఈ తిప్పలు."

ఆ మాటకు తూవా కోపం సగం చల్లారింది. మిగతా సగంతో చెయ్యి చాచింది.

"ఇటివ్వు, చాలా తేలిక. చూపిస్తా."

"వద్దు," అని గున్వోర్ ఫోన్‌ని గుండెకి హత్తుకుంది. "నువ్వు చూపిస్తే మళ్ళీ వచ్చినట్టే ఉంటుంది."

తూవా చెయ్యి అలాగే ఆగిపోయింది. గున్వోర్ పెన్షన్ తీసుకునేదాకా ఊళ్ళో పిల్లలకి ఈత నేర్పింది. తూవా కూడా తల్లి దగ్గరే నేర్చుకుంది. కడుపు కింద అమ్మ చెయ్యి ఉన్నంతసేపూ ఈదుతున్నాననుకునేది. ఆ చెయ్యి తీసేసిన రోజున కదా తనకి ఈత రాదని తెలిసింది.

ఆమె కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

"నువ్వే చెయ్యమ్మా. నేను నోరెత్తను."

గున్వోర్ కళ్ళజోడు సర్దుకుని యాప్ తెరిచింది. ఈ రోజు గంటలన్నీ నిండిపోయి ఉన్నాయి. రేపటి రోజు ఎక్కడుందా అని పైకీ కిందకీ వెతికింది. అది పక్కనుంది. వేలితో పక్కకి జరిపితే వస్తుంది. జరపాలని చెప్పే బాణం గుర్తు మొదట్లో అక్కడే ఉండేది. అందం చెడుతోందని దాన్ని తీసేసింది తూవానే.

గున్వోర్ నిండిపోయిన గంటనే నొక్కింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి: 'మీరు ఎంచుకున్నది తప్పు.'

"అయ్యో, క్షమించు," అంది గున్వోర్ ఫోన్‌తో.

ఇంకోచోట నొక్కింది. మళ్ళీ అవే అక్షరాలు.

"క్షమించు, క్షమించు. నేనే చూసుకోలేదు."

తూవా పెదవి కొరుక్కుంది. మూడోసారి కూడా తల్లి అదే మాట అనబోతుంటే ఇక తట్టుకోలేకపోయింది.

"దానికెందుకమ్మా క్షమాపణలు? ఆ మాటలు ఫోనువి కావు, నేను రాసినవి!"

"నువ్వు రాశావని తెలుసు తల్లీ," అంది గున్వోర్ మెల్లగా. "అందుకేగా, ప్రతిసారీ నువ్వే అంటున్నట్టుండేది."

తూవా తలెత్తలేకపోయింది. ఎన్ని ఉదయాలు ఈ బల్ల దగ్గర, ఒంటరిగా, తన తల్లి తన చేత తప్పు తప్పు అనిపించుకుని ఉంటుంది! ఆ తర్వాత లేచి వెళ్ళి దుప్పట్లు నానబెట్టుకుని ఉంటుంది. ఆమె తల్లి చేతుల్ని దగ్గరికి లాక్కుని, పగిలిన వేళ్ళ మీద మొహం ఆనించి ఏడ్చేసింది. సిగ్గుతో గున్వోర్‌కి కూడా కన్నీళ్ళు ఆగలేదు.

సమావేశం హాల్లో కాఫీ వాసన నిండిపోయింది. అధ్యక్షురాలు నవ్వుతూ గున్వోర్‌ని ముందుకు పిలిచింది. గున్వోర్ లేవబోయేంతలో తూవా లేచి నిలబడింది.

"మా అమ్మ చెయ్యలేదండీ. ఆ వీడియోలో చేసింది నేను, అమ్మ వేలితో. శీతాకాలమంతా ఆవిడ బట్టలు స్నానాల తొట్టిలో ఉతుక్కుంది. తప్పు ఆవిడది కాదు, హెల్మెర్ గారిది అంతకన్నా కాదు. నేను సరిగ్గా చేసేదాకా దీన్ని వేరే ఏ బిల్డింగుకీ ఇవ్వొద్దు. పాత పలక మళ్ళీ పెట్టండి."

ఈ ఊళ్ళో జనానికి ఎదుటివాళ్ళు సిగ్గుపడుతుంటే చూడటం మహా ఇబ్బంది, అందుకని అందరూ కాఫీ కప్పుల్లోకి చూసుకున్నారు. తూవాకి చెవులు కాలిపోతున్నాయి. అప్పుడు వెనక వరస నుంచి హెల్మెర్ గొంతు వినిపించింది.

"అయితే మీరు కూడా నాలాగే తిప్పలు పడ్డారా, గున్వోర్ గారూ?"

"అవునండీ. మిమ్మల్ని మాట పడేట్టు చేశాను. నాకు మొహం చెల్లక చెప్పలేదు."

"నేనూ అంతే. బస్సులో ఎవరైనా అడిగితే ఊరెళ్తున్నానని చెప్పేవాణ్ణి." ఆయన గొంతు సవరించుకున్నాడు. "పలక పెడితే మంగళవారం పొద్దున్న మాత్రం నాదే. అది ఎప్పట్నించో నాదే."

ఒక మూల ఎవరో నవ్వారు, ఆ తర్వాత హాలంతా నవ్వింది. ఓటింగ్ వాయిదా పడింది.

జూన్ చివర్లో వచ్చే మిడ్‌సమ్మర్ పండగ ముందు తూవా కొత్త యాప్ పట్టుకుని మళ్ళీ అదే వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. ఎదురుగా తల్లి, పక్కన హెల్మెర్. తూవా చేతులు తొడల కింద ఉన్నాయి. ఎర్ర అక్షరాలు పోయాయి. వాటి స్థానంలో 'ఈ గంట నిండిపోయింది, రేపు ఖాళీ ఉంది' అని నల్లగా ఉంది. బాణం గుర్తు తిరిగొచ్చింది.

గున్వోర్ కాసేపు వెతికి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇక్కడ నాకు అర్థం కావట్లేదు."

"నాకూ అంతే," అన్నాడు హెల్మెర్, బన్ను నములుతూ.

తూవా ఊపిరి బిగబట్టి తల్లి వంక చూసింది. క్షమించు అనే మాట కోసం ఎదురుచూసింది. అది రాలేదు.

"సరిగ్గా చెయ్యి తల్లీ," అని గున్వోర్ ఫోన్‌ని కూతురి వైపు జరిపి, తన కప్పులో కాఫీ పోసుకుంది.

తూవా కళ్ళు తుడుచుకుని, ఫోన్ అందుకుంది.