ముందు ముద్ద

పొయ్యి మీద పాలు పొంగుతుండగానే పోచవ్వ వంటింటి గడపలో పీట వేసుకుని కూర్చుంది. చిన్న కోడలు జ్యోతి, మనవరాలు శ్రీహిత కోసం మెత్తగా వండిన కిచిడీ గిన్నెలో పెట్టి తెచ్చింది.

"ముందుగాల నువ్వు తిను," అంది పోచవ్వ.

జ్యోతి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మింగింది. తర్వాత నోరు తెరిచి అత్తకు చూపించింది. పోచవ్వ నాలుక కింద కూడా తొంగి చూసి, అప్పుడు గిన్నెను పెద్ద కోడలు జమున వైపు జరిపింది. బతుకమ్మ పండుగ వెళ్లినప్పటి నుంచి సుల్తానాబాద్ దగ్గరి ఆ ఇంట్లో రోజూ ఇలాగే తెల్లవారుతోంది. తన కన్నబిడ్డ కోసమే కాబట్టి జమునకు ఇందులో తప్పేమీ కనబడలేదు.

ఎనిమిదేళ్ల శ్రీహితకు తిన్నది దిగడం లేదు. నాలుగు ముద్దలు తింటుందో లేదో గుండె మీద చెయ్యి పెట్టుకుని "ఇక్కడ ఆగింది" అంటుంది. కాసేపటికి కక్కేస్తుంది. రాత్రంతా దగ్గు, తెల్లారితే దిండు మీద మెతుకులు. ఊళ్లో సూది వేసే ఆయన గ్యాస్ అని గోళీలిచ్చాడు. ఆ గోళీలూ బయటికే వచ్చాయి. పిల్ల ఎండు పుల్ల అయిపోయింది.

దాంతో పోచవ్వ మనసు పెట్టుడుమందు మీదికి పోయింది. గిట్టనివాళ్లు తిండిలో ఏదో కలిపి పెడతారని, అది లోపల పట్టుకుని మనిషిని కొరుక్కుతింటుందని ఆమె నమ్మకం. గోదారి అవతల హనుమండ్లు అనే ఆయన మందు కక్కిస్తాడంటే పిల్లను తీసుకుపోయారు. పసరు పోయగానే శ్రీహిత నిన్నటి అన్నం నిన్నటిలాగే కక్కింది.

"సూసిండ్రా, మెతుకు ఎట్లున్నది అట్లనే ఉన్నది. మందు పట్టుకున్నది. పెట్టింది బయటోళ్లు గాదు, చేతితోని తినవెట్టిన ఇంటి మనిషే," అన్నాడు హనుమండ్లు.

ఆ ఇంట్లో అప్పటిదాకా పిల్లకు చేత్తో తినిపించేది జ్యోతి ఒక్కతే. సద్దుల బతుకమ్మ నాడు రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు తినిపించిందీ ఆమే. పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండలేదు. మొగుడు కుమారస్వామి మస్కట్‌లో ఉంటాడు, అడ్డం వచ్చేవాళ్లు లేరు. ఇంకేం కావాలి! అనుమానం పెనుభూతమై ఇంట్లో పీట వేసుకుని కూర్చుంది.

ఆ మధ్యాహ్నం జమున దండెం మీది బట్టలు తెద్దామని పెరట్లోకి వెళ్తే బర్రెల కొట్టం వెనక గుసగుసలు వినిపించాయి. శ్రీహిత నిలబడి, ముద్ద మింగి, చెంబెత్తి గటగటా నీళ్లు తాగుతోంది. తాగి రెండు చేతులూ పైకెత్తింది.

"దిగిందా బిడ్డా?" జ్యోతి అడుగుతోంది.

"దిగింది చిన్నమ్మా."

జమున చెంబు లాక్కుని విసిరికొట్టింది. "దొంగతనంగ ఏం తాపుతున్నవే నా బిడ్డకు?"

"వట్టి నీళ్లే అక్కా. నిలవడి నీళ్లు తాగితె జర దిగుతున్నది. నీ కాళ్లు మొక్కుత, పోరిని కరీంనగర్ల పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి."

"నువ్వు చెప్తె పోవాల్నా? నీ కడుపు పండకపోతె నా బిడ్డ కడుపు ఎండవెడుతవానే?"

ఆ మాట జ్యోతికి ఎక్కడ తగులుతుందో జమునకు తెలుసు. తెలిసే అంది. అంతటితో ఆగక చెంప మీద కొట్టింది. "చిన్నమ్మను కొట్టకే అమ్మా!" అని శ్రీహిత ఏడుస్తుంటే రెక్క పట్టి ఇంట్లోకి ఈడ్చుకుపోయింది.

పొద్దుగూకే వేళ జమున తనే కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "కన్నతల్లి చేతి ముద్ద ఎందుకు దిగదో నేనూ సూస్త," అంటూ నోట్లో కుక్కింది. నిలబడనివ్వలేదు, నీళ్లివ్వలేదు. ఐదో ముద్దకు పిల్ల ఉక్కిరిబిక్కిరై నల్లబడింది. జమున మొగుడు సాగర్ ఉరికొచ్చి వీపు మీద చరిచి, చరిచి, ఊపిరి ఆడేలా చేశాడు. కారు మాట్లాడుకుని కరీంనగర్‌కు బయలుదేరుతుంటే జ్యోతి వాకిట్లోకొచ్చింది.

"ఎదురు రాకు, ముదనష్టపుదానా!" అని అరిచింది పోచవ్వ. జ్యోతి గోడ చాటుకు తప్పుకుంది.

దవాఖానలో పిల్లకు తెల్లటి మందు తాగించి ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ ఆ ఫొటోను వెలుతురుకు పెట్టి చూపించింది. అన్నం దిగే గొట్టం పైన సంచిలా ఉబ్బి, కింద దారంలా సన్నబడి ఉంది.

"కక్కినప్పుడు పుల్లటి వాసన వస్తదా?"

"లేదు మేడం. నిన్నటి అన్నం నిన్నటి లెక్కనే వస్తది," అంది జమున.

"కడుపులకు చేరితే కదా పులిసేది! గొట్టం అడుగున ఒక కండరం ఉంటది. మింగినప్పుడు అది తెరుచుకోవాలె. పాపకు తెరుచుకుంటలేదు, పైనుంచి తోసే కదలికా లేదు. దీన్ని అకలేషియా అంటరు. పిల్లలకు అరుదుగ వస్తది, అందుకే చానామంది గ్యాస్ అనుకుంటరు. హైదరాబాద్‌ల గొట్టం ఒత్తిడి కొలిచి, ఆ కండరాన్ని కోసి వదులు చేస్తరు. ఫికర్ పడకుండ్రి."

జమున ముందుకు వంగింది. "ఎవలన్న ఏమన్న పెడితె గిట్లయితదా మేడం?"

"ఎవరూ పెట్టరమ్మా. అక్కడి నరాలు పనిచెయ్యక వచ్చే జబ్బు. అవునూ, ఇంతమాత్రమన్న ఎట్ల తిన్నవు పాపా?"

"చిన్నమ్మ నిలవెట్టి నీళ్లు తాపేది," అంది శ్రీహిత. "అమ్మ చెంబు పారేసింది."

పెట్టుడుమందుకు గుర్తని హనుమండ్లు చూపించిన మెతుకే డాక్టరమ్మకు జబ్బు గుర్తయింది. ఆ మెతుకు సాక్షిగా తాము రోజూ ఎవరి నోరు తెరిపించారో తలుచుకుంటే జమునకు భూమి బద్దలై మింగేస్తే బాగుండనిపించింది.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికొచ్చిన పొద్దున పోచవ్వ పీట వేసుకోలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. జమున వంటింట్లోకి వెళ్లి జ్యోతి చేతులు పట్టుకుంది.

"తప్పయింది చెల్లె. నన్ను మనసార రెండు కొట్టు."

"కొడితె ఆ మాట పోతదా అక్కా?" అంది జ్యోతి.

జమున పెరుగు గిన్నె తెచ్చి జ్యోతి చేతికిచ్చింది. "నా బిడ్డకు నువ్వే తినవెట్టు," అంది.

జ్యోతి మెత్తటి పెరుగన్నం కలిపి ముద్ద చేసి శ్రీహిత నోటి దగ్గర పెట్టింది. పిల్ల నోరు తెరవలేదు.

"ముందుగాల నువ్వు తిని నోరు తెరిచి చూపెట్టు చిన్నమ్మా. గప్పుడు తింట."

పిల్ల అల్లరికి అనలేదు. ఈ ఇంట్లో అన్నం తినే పద్ధతే అదనుకుంది. జ్యోతి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

జమున కూతురి పక్కన కూలబడి, జ్యోతి చేతిలోని ముద్దను తన నోట్లో పెట్టించుకుంది. ఏడుపు తన్నుకొచ్చి ముద్ద గొంతులోనే ఆగింది. జ్యోతి చెంబు అందించింది.

"నీళ్లు తాగు అక్కా, దిగుతది."

జమున నీళ్లు తాగి, ముద్ద మింగి, కన్నీళ్లు కారుతుండగానే కూతురికి నోరు తెరిచి చూపించింది. శ్రీహిత నాలుక కింద కూడా చూసింది. చూసి, చిన్నమ్మ వైపు తిరిగి నోరు తెరిచింది. జ్యోతి ముద్ద పెట్టింది.

"దిగిందా బిడ్డా?"

"దిగింది చిన్నమ్మా. నీళ్లు లేకుంటనే దిగింది."