చెరిపావా?

చీకటి పడ్డాక ఆ మూల సిస్టమ్ దగ్గర ఎవరూ కూర్చోరు. వంతెనలు డిజైన్ చేసే ఆఫీసు అది. సిమెంటునీ ఇనుమునీ తప్ప మరి దేన్నీ నమ్మని మనుషులు. అయినా సరే, ఆ కుర్చీ పేరెత్తితే చాలు, అందరికీ ఇంట్లో అర్జెంటు పని గుర్తొస్తుంది.

అది పెద్దసారు కుర్చీ. ఆయన పోయి ఏడాది దాటిందట. ఎవరు లెక్క మొదలుపెట్టినా వెనకగా వచ్చి, చెవి దగ్గర వంగి, ఒక్క మాట అడిగేవాడు — "చెరిపావా?"

పాత లెక్క విలువలు చెరిపావా అని. ఆ సాఫ్ట్‌వేర్ తీరే అంత. ఒక అక్షరానికి ఒకసారి విలువ ఇచ్చామా, చెరిపేదాకా దాన్నే పట్టుకు వేలాడుతుంది. ఆయన పోయాక కూడా ఆ మాట వినిపిస్తోందని...

ఇంజనీరమ్మ విని నవ్వేసేది. ఆ రాత్రి దాకా.

తెల్లారితే ఏటి మీద వేలాడే నడక వంతెన తెరుస్తారు. ముందు నడిచేది బడి పిల్లలు. మొదటి వరసలో ఆవిడ కూతురు. ఎంత గాలికి వంతెన ఊగిపోతుందో ఆఖరుసారి చూసి చెప్పమన్నాడు చీఫ్. ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నది మూల సిస్టమ్‌లోనే. పొద్దుటినుంచీ అందులో వేరే ఇనుప వంతెన లెక్క చేసిన మనిషి, లేవకుండానే కొత్త సమీకరణం కొట్టి ఎంటర్ నొక్కింది.

గంటకు నూట నలభై కిలోమీటర్లు! అంత గాలి అక్కడ ఎవరూ ఎరగరు. హమ్మయ్య అనుకుని ఫోను అందుకుంది...

"చెరిపావా?"

చెవి పక్కనే. మెల్లగా.

ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి తిరుగుదామంటే మెడ తిరగలేదు. స్క్రీను నల్లటి అంచులో తన ముఖం కనిపిస్తోంది. దాని వెనక... చూడలేక కళ్ళు మూసుకుంది. చిన్నపిల్లలా భయపడింది.

"చెరిపావా..?"

కళ్ళు తెరిచి చెరిపే కమాండ్ కొట్టింది. లెక్క మళ్ళీ నడిపింది. ఈసారి జవాబు రాలేదు. ఎర్రక్షరాల్లో ఒకటే మాట — 'సి' విలువ తెలియదు.

'సి' అంటే వంతెన ఊపును అణిచే బలం. కొత్త వంతెనకు ఆ విలువ ఆవిడ ఇవ్వనేలేదు! ఇందాకటి జవాబు ఇనుప వంతెన 'సి'తో వచ్చింది.

అసలు విలువ ఇచ్చింది. ఎంటర్.

నలభై.

ఏటి మీద పొద్దున్నే అంత గాలి మామూలే. ఊగే వంతెన మధ్యలో, తాడు అందక చేతులు చాచిన కూతురు కళ్ళ ముందు మెదిలింది. వెంటనే చీఫ్‌కి ఫోను కలిపింది.

"సార్... వంతెన తెరవకండి," అంది ఫోనులో. "పాత విలువ ఉండిపోయింది. ఇప్పుడే చెరిపాను."

చీఫ్ కూడా ఒకప్పుడు పెద్దసారు దగ్గర పని నేర్చుకున్నవాడే.

"ఆపిస్తాను," అన్నాడు గుసగుసగా. "నీ పక్కన ఎవరున్నారమ్మా?"

"ఎవరూ లేరండి. ఒక్కదాన్నే."

"మరి... 'చెరిపింది, చెరిపింది' అంటున్నదెవరు?"