తొమ్మిదడుగుల అవతలి పాట

పొద్దున్నే రేణుక తన మామ చంకల కింద చేతులు పెట్టి, పళ్లు బిగబట్టి పైకి గుంజింది. రాజలింగు పొడుగు మనిషి. నలభై ఏండ్లు తాడిచెట్లు ఎక్కిన ఒళ్లు. నాలుగు నెలలుగా మంచంలో ఉన్నా పిసరంత బరువు తగ్గలేదు. వీపు గోడకు ఆనగానే "అమ్మా" అన్నాడు. నిజానికి ఆ మాట అనాల్సింది కోడలు. నొప్పి ఆమె నడుములో ఉంది.

"మెల్లగ బిడ్డా. తుంటిల ఉన్నది రాడ్, గడ్డపార కాదు."

"గడ్డపారే నయం మామా. మూలకు నిలవెడితె నిలవడ్తది."

రాజలింగు నవ్వాడు. మాటకు మాట అప్పజెప్పే కోడలు దొరకడం తన అదృష్టమని దేవరుప్పుల దాకా చెప్పుకున్నవాడే. ఆ కోడలు లేని ఇంటిని తలుచుకుంటేనే ఆయనకు గుండె జారిపోయేది. అసలు తిరకాసంతా అక్కడే ఉంది.

చెట్టు మీద నుంచి పడ్డప్పుడు జనగామ దవాఖానలో రాడ్ వేశారు. నెలన్నరకు లేపి నడిపించమన్నారు. వాకర్ తెచ్చి మూలకు పెడితే, రాజలింగు భార్య బాలనర్సమ్మ దాని మీద తువ్వాలలు ఆరేయడం మొదలుపెట్టింది. "కాలు పడ్తలేదు" అని ఆయన, "పడ్తలేదంట" అని ఆమె. నాలుగు నెలలూ అట్లాగే గడిచాయి.

చెట్టు మీదున్న రోజుల్లో ఆయనకు కనిపించనిది లేదు. కేసముద్రం స్టేషన్లో ఆగిన రైలునూ, అందులో ఎవరు కిటికీ పక్కన కూర్చున్నారో కూడా చూశానని చెప్పేవాడు. ఒకసారి మబ్బు వచ్చి నడుముకు కట్టిన మోకుకు చుట్టుకుంటే, ఓపిగ్గా ముడి విప్పి జఫర్‌గఢ్ దిక్కుకు తోలాడట. అంత చూసినవాడికి ఇప్పుడు మిగిలింది నెత్తి మీద పద్నాలుగు రేకులు. కిటికీలోంచి చూస్తే పక్కింటి గోడ. ఆ గోడ మీద బల్లి కూడా ఆయనను చూసి చూసి విసుగొచ్చి మకాం మార్చింది.

రేణుక నర్సు చదువు చదివింది. భూపాలపల్లి అవతల ఒక దవాఖానలో నౌకరి వచ్చినట్టు కాగితం వచ్చింది. చేరడానికి మూడు వారాల గడువు, ఆఖరు రోజు సోమవారం. ఆమె భర్త యుగేందర్ వ్యాను నడుపుతాడు కాబట్టి ఎక్కడైనా బతకగలడు. కాగితం వచ్చిన రోజు రాజలింగు ఒక్కటే మాట అడిగాడు: "మరి నన్నెవలు లేపుతరు?" అంతే. కాగితం పప్పుల డబ్బా కిందికి చేరింది. మళ్లీ ఎవరూ దాని ఊసెత్తలేదు.

పాటల డబ్బా వచ్చింది కూడా ఆ వారమే. యుగేందర్ పత్తి బస్తాలు దించడానికి కేసముద్రం మార్కెట్‌కు పోయినప్పుడు, స్టేషన్ దగ్గర గోనెసంచి పరిచి పాత ఫోన్లు, రిమోట్లు అమ్మే మనిషి దగ్గర కొనుక్కొచ్చాడు. ఎర్రటి డబ్బా. బటన్ ఊడిపోయిన చోట అగ్గిపుల్ల గుచ్చి ఉంది.

"ఎవలో వాడి అమ్మిండ్రు బాపు. లోపల కార్డు కూడ అట్లనే ఉన్నది. ఏం పాటలో ఆయినకే తెల్వదు."

తీరా పెడితే అన్నీ లంబాడీ పాటలు. రాజలింగు పుట్టి బుద్ధెరిగిన నుంచి తండా వాళ్లకు కల్లు పోశాడు, వాళ్లతో కూర్చుని తాగాడు. వాళ్ల పాట ఒక్కటీ చివరిదాకా విన్న పాపాన పోలేదు. మొదటి రోజు "బంద్ చెయ్యున్రి" అన్నాడు. మూడో రోజు ఎవరన్నా బంద్ చేస్తే కసిరాడు.

అందులో ఒక పాట మరీ పట్టుకుంది. డప్పు లేదు, తాళం లేదు. ఒక ముసలామె గొంతు. మెల్లగా పైకి పోతుంది, ఆగి ఊపిరి పీలుస్తుంది, ఇంకా పైకి పోతుంది, ఆ చివర నుంచి ఒక్కసారే జర్రున కిందికి జారుతుంది. నడుమ దగ్గుతుంది. ఎక్కడో మేక అరుస్తుంది. ఎవరినో గట్టిగా తిట్టి, పాట మళ్లీ మొదలుపెడుతుంది. నాలుగుసార్లు విని రాజలింగు తీర్పు చెప్పాడు.

"గిది చెట్టెక్కే పాట. ఎక్కుడు, ఆగుడు, ఎక్కుడు, దిగుడు. మోకు కట్టినోనికి తెలుస్తది."

"ఆడోళ్లు చెట్లెక్కుతరా?" అంది బాలనర్సమ్మ.

"తండాల ఎక్కుతరు. నా కండ్లార చూసిన."

"మరి నడుమ తిట్లేందయ్యా?"

"కింద కల్లు లొట్టి పట్టుకున్న పొల్లను తిడ్తున్నది. సక్కగ పట్టుకుంటలేదంట."

అప్పటి నుంచి రోజూ పొద్దున రేణుక తనను లేపే వేళకు ఆ పాటే పెట్టేవాడు. "ఎక్కు బిడ్డా, ఎక్కు!" అని హుషారు చేసేవాడు. రేణుక నవ్వేది. కొన్నిసార్లు నవ్వేది కాదు.

ఒక మిట్టమధ్యాహ్నం అందరూ పనులకు పోయినప్పుడు ఆ గొంతు సరిగ్గా కొస దాకా ఎక్కి టక్కున ఆగిపోయింది. ఛార్జింగ్ అయిపోయింది. ప్లగ్గు ఎదురు గోడకు, క్యాలెండర్ కింద. రాజలింగు పిలిచాడు. ఎవరూ పలకలేదు. ముసలామెను చెట్టు కొసన వదిలేసి తను మంచంలో పడుకోవడమెట్లా? మూడుసార్లు తిట్టుకుని, కాళ్లు కిందికి దించాడు. గోడ పట్టుకున్నాడు. ఒకటి, రెండు... తొమ్మిది అడుగులు. ప్లగ్గు పెట్టి, అక్కడే నిలబడి పాట కిందికి దిగేదాకా విన్నాడు.

మంచం మీదికి వచ్చాక ఊరంతా వినేలా కేక వేయాలనిపించింది. అంతలో వాకిట్లో రేణుక చెప్పుల చప్పుడైంది. రాజలింగు గబుక్కున దుప్పటి కాళ్ల మీదికి లాక్కున్నాడు. తను లేచి నిలబడితే పప్పుల డబ్బా కింద కాగితం బయటికి వస్తుంది మరి.

అట్లా పన్నెండు రోజులు. మధ్యాహ్నం తొమ్మిదడుగులు నడవడం, పొద్దున కోడలి చేత ఎత్తించుకోవడం. ఎవరు ఛార్జింగ్ పెట్టారని రేణుక అడిగితే "మీ అత్త" అన్నాడు. బాలనర్సమ్మ అడిగితే "నీ కోడలు" అన్నాడు. జీవితమంతా అబద్ధాలు చెప్పి నవ్వించినవాడికి, ఈ ఒక్క అబద్ధం మాత్రం గొంతుకు అడ్డం పడింది. ఇప్పుడు ఆయనను కట్టేసింది కాలు కాదు, దుప్పటి.

శనివారం పొద్దున యుగేందర్ ఇంట్లో అడుగుపెడుతూనే మొదలుపెట్టాడు.

"ఎల్లుండి ఆఖరు. ఏం చేద్దామో చెప్పున్రి."

"చేసేదేముంది? రానని రాసిస్త" అంది రేణుక, పక్కబట్ట మడతపెడుతూ.

"గంత చదివి రానని రాసిస్తవా?"

"మరి మామను ఎవలు లేపుతరు? అత్తమ్మ నడుము చూసినవా?"

బాలనర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరి చూపులూ మంచం మీద పడ్డాయి. రాజలింగుకు ఊపిరాడలేదు. ఊపిరాడనప్పుడు ఆయనకు కోపం వస్తుంది.

"నేనేమన్న కాళ్లు పట్టుకొని ఆపుతున్ననా? పోండ్రి! నన్ను మంచంతోని సహా బాయిల పడేసి పోండ్రి!"

"బాపు, గట్లెందుకు మాట్లాడ్తవ్?"

"మరెట్ల మాట్లాడాలె? మంచంల ఉన్నోని బాధ మీకేమెరుక?"

గొడవ ఆపడానికి రేణుకకు తెలిసిన ఉపాయం ఒక్కటే. పోయి అగ్గిపుల్ల నొక్కింది. ముసలామె గొంతు లేచింది.

అదే సమయానికి పత్తి ఏరడానికి బాలనర్సమ్మను పిలుద్దామని తండా నుంచి ద్వాళి వచ్చింది. గడప మీదనే ఆగిపోయింది. చేతిలో సద్దిగిన్నె కింద పెట్టింది. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"లింగన్నా," అంది, "గీ ఇంట్ల ఎవలను సాగదోలుతున్నరే?"

"సాగదోలుడేంది? గది చెట్టెక్కే పాట గద?"

ద్వాళి ఏడుస్తూనే నవ్వింది. "చెట్టా, నీ మొకమా! గది ఢావ్లో. మా పెండ్లిపిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు ఏడ్సే పాట. మా అవ్వలు పెండ్లికి ముందు కూసోబెట్టి నేర్పుతుండె, ఎట్ల ఏడ్వాల్నో. గీమె మనవరాలికి నేర్పుతున్నట్టున్నది."

"ఏమంటున్నది?" రాజలింగు గొంతు చిన్నదైంది.

"నేను పెంచిన లేగ నన్ను దేవులాడుకుంటది, నీళ్లబాట నా అడుగులు అడుగుతది, నన్నెక్కిచ్చిన ఎద్దును జర ఆపున్రి, ఒక్కసారి మల్లి సూస్త అంటున్నది."

"మరి నడుమ తిట్లు?"

"పిల్ల సిగ్గువడి సన్నగ ఏడుస్తున్నదంట. గట్టిగ ఏడ్వవే, లోపల పెట్టుకుంటె అత్తింట్ల గది రాయై కూసుంటది, అంటున్నది."

రాజలింగు కోడలి వైపు చూశాడు. రేణుక గోడ వైపు తిరిగి, మడతపెట్టిన పక్కబట్టనే విప్పి మళ్లీ మడతపెడుతోంది. ఇంట్లోకి వచ్చి మూడేండ్లయింది. ఆమె ఏడవగా ఆయన చూడలేదు. అంతా నవ్వులో కలిపేసింది. తనేమో ఆ పిల్ల నడుం మీద తన బరువంతా మోపి, పొద్దుకొకసారి, ఎక్కు బిడ్డా ఎక్కు అని ఈ పాట వినిపించాడు.

గొంతు కొసకు పోయి టక్కున ఆగిపోయింది, ఛార్జింగ్ మళ్లీ అయిపోయింది. రేణుక అలవాటుగా డబ్బా అందుకోబోయింది.

"ఉండు బిడ్డా. నేను పెడ్త."

దుప్పటి తీసేశాడు. కాళ్లు దించాడు. గోడ పట్టుకుని, డబ్బా చంకలో పెట్టుకుని, తొమ్మిదడుగులూ నడిచి ప్లగ్గు పెట్టాడు. వెనక్కి తిరగలేదు. తిరిగే ధైర్యం లేదు.

"ఎన్ని దినాల సంది?" రేణుక గొంతు.

"పన్నెండు."

"పన్నెండు దినాలు నాతోని ఎత్తిపిచ్చుకున్నవా మామా? నా నడుము ఇరుగుతాంటె నవ్వుకుంట ఎత్తిన. నాకు వచ్చిన ఒక్క కాగితాన్ని డబ్బా కింద పెట్టుకొని ఎత్తిన!"

"నువ్వు పోతె ఇల్లు ఉత్తగైతదని భయమైంది బిడ్డా. చెట్టు మీద ఎన్నడు భయపడలే. మంచంల భయపడ్డ."

రేణుక అక్కడే కూలబడింది. ఏడ్చింది. సన్నగా కాదు, వాడకట్టంతా వినిపించేలా ఏడ్చింది. యుగేందర్ ఊరుకోబెట్టబోతే ద్వాళి చెయ్యి అడ్డం పెట్టింది. "ఏడ్వనియ్యి కొడుకా. మూడేండ్లది ఉన్నది."

రాజలింగు కాళ్లు వణకడం మొదలైంది. ఏడుస్తూనే రేణుక లేచి వచ్చి జబ్బ పట్టుకుంది. "కూసో. పడ్తవ్."

"పడనియ్. నాకు పడుడు కొత్తనా?"

ఆమె ఏడుపులోంచే ఫక్కున నవ్వింది. జబ్బ మాత్రం వదలలేదు.

సోమవారం పొద్దున వ్యాను ఎక్కే ముందు రేణుక రెండు పనులు చేసింది. వాకర్ మీది తువ్వాలలు తీసి అత్త చేతిలో పెట్టింది. పాటల డబ్బాను తీసుకుపోయి బయట వాకిలి గుంజకు, మేకు కొట్టి వేలాడదీసింది.

"మంచం నుంచి ఇరవై ఆరడుగులు. కొలిచిన. వినాల్నంటె రావాలె. వచ్చే వారం అత్తమ్మ ఇంకింత దూరం పెడ్తది."

"నా కోడలు నర్సు కాదు, జైలరు" అన్నాడు రాజలింగు.

వ్యాను మలుపు తిరిగేదాకా చూశాడు. తర్వాత వాకర్ మీద వాలుతూ, లెక్కబెట్టుకుంటూ గుంజ దాకా నడిచి అగ్గిపుల్ల నొక్కాడు. ముసలామె మెల్లగా ఎక్కింది, ఆగింది, దగ్గింది. మేక అరిచింది. ఆమె గట్టిగా తిట్టింది.

ఈసారి ఆ తిట్టు తనకేనని రాజలింగుకు అర్థమైంది. ముసలామె మాట విని, వాకిట్లో నిలబడి గట్టిగానే ఏడ్చాడు.