డాక్టర్ నిమరని బ్రాకెట్

విమానం సముద్రంలో పడింది. పైలట్ శవం దొరికింది. రెక్కని పట్టుకునే బ్రాకెట్ మాత్రం దొరకలేదు.

అంత్యక్రియలైన మర్నాడే బాబాయ్ కబురు పెట్టాడు. ఆయన ఎవరికీ బాబాయ్ కాదు, గూఢచారి విభాగానికి చీఫ్. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ కోడ్‌నేమ్ పిచ్చుక. పోయిన పైలట్ ఆమెకి సొంత బావ, అక్క భర్త.

"బ్రాకెట్లు తయారయ్యే ల్యాబ్‌లో విదేశీ ముఠా మనిషి ఒకరున్నారు. మెషిన్ ఆపరేటర్‌గా చేరు. ఆ ల్యాబ్ నడిపే సైంటిస్టు, అందరూ డాక్టర్ అంటారు, మన ఏజెంటే. ముఠాకి అమ్ముడుపోయినట్టు నటిస్తూ తప్పుడు డేటా పంపుతోంది."

"పరీక్షకి తయారవుతున్న రెండో విమానం ఎవరు నడుపుతారు?"

బాబాయ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "మీ అక్క. వద్దంటే వినట్లేదు."

"వినదు. మీరు చెప్పారుగా, అందుకే వినదు."

"అనుమానమొస్తే రేడియోలో 'గొడుగు' అను. విమానం ఆపేస్తారు." డ్రాయర్లోంచి ఒక లిప్‌స్టిక్ తీసిచ్చాడు. అడుగు తిప్పితే అది అల్ట్రాసౌండ్ స్కానర్. లోహం లోపల పగులుంటే ఎర్రగా వెలుగుతుంది.

ల్యాబ్‌లో డాక్టర్ సేఫ్టీ గాగుల్స్‌లో కూడా ఫొటోకి తయారైనట్టు ఉండేది. పిచ్చుకకి పని దగ్గరుండి నేర్పింది.

"కరిగించకూడదు చెల్లీ. కరిగిస్తే ఈ రకం అల్యూమినియం పగుళ్ళిస్తుంది. రాడ్‌ని గిర్రున తిప్పుతూ నొక్కు. రాపిడికి అదే పిండిలా మెత్తబడుతుంది."

తిరిగే రాడ్ కింద పొర మీద పొర పేరుకునేది. బ్రాకెట్ చల్లారాక డాక్టర్ గ్లవ్ తీసి, దాని చారల్ని బొటనవేలితో నిమిరేది, పసిపిల్ల తల నిమిరినట్టు.

"దిష్టి తీస్తున్నారా మేడమ్?"

"నోర్ముయ్. అలవాటు."

పిచ్చుకకి ఆమె అంటే నిజంగానే ఇష్టం పుట్టింది. మేడమ్ కాస్తా అక్క అయింది.

పరీక్ష రోజు వచ్చింది. విమానానికి బిగించాల్సిన బ్రాకెట్‌ని పిచ్చుక రహస్యంగా స్కాన్ చేసింది. పచ్చలైటు. డాక్టర్ గ్లవ్స్ తియ్యకుండానే దాన్ని పెట్టెలో పెట్టి, "పంపించెయ్," అంది.

హ్యాంగర్లో సొంత అక్క కాక్‌పిట్ ఎక్కుతూ, "ఏంటే ఆ మొహం? నేను దిగేసరికి కాఫీ రెడీగా ఉండాలి," అంది. బావ పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి.

విమానం కదిలింది. దాన్నే చూస్తూ డాక్టర్, బల్ల మీదున్న స్పేర్ బ్రాకెట్‌ని పరధ్యానంగా బొటనవేలితో నిమురుతోంది.

పిచ్చుక ఆ వేలినే చూసింది. ఇవాళ పంపిన దాన్ని నిమరలేదు. స్కానర్ పచ్చలైటు చూపించింది. బొటనవేలు మాత్రం ఒప్పుకోలేదు. దేన్ని నమ్మాలి?

ముందుచక్రం నేల వదలబోతోంది. పిచ్చుక రేడియో అందుకుంది.

"గొడుగు! గొడుగు!"

బ్రేకులు కీచుమన్నాయి. విమానం రన్‌వే చివర, గడ్డి అంచున ఆగింది.

ఆ బ్రాకెట్‌ని ఊడదీసి టెస్టింగ్ మెషిన్‌లో లాగితే డబ్బా మూతలా ఊడొచ్చింది. లోపల నల్లటి గ్రాఫైట్. రాడ్ ఇరుక్కోకుండా పూసేదే. ఒక్క పొర దగ్గర ఎక్కువ పూస్తే, పైపొర కిందిపొరని ఆనుకుని ఉంటుంది కానీ అతుక్కోదు. మధ్యలో సందు ఉండదు కాబట్టి స్కానర్‌కి దొరకదు.

డాక్టర్ నటించలేదు, ముఠాకి నిజంగానే అమ్ముడుపోయింది. సంకెళ్ళు వేస్తుంటే అడిగింది, "ఎలా పట్టుకున్నావ్?"

"దీన్ని నువ్వు నిమరలేదక్కా."

డాక్టర్ తన బొటనవేలి వంక చూసుకుంది. "చెడగొట్టిన దాన్ని ఎలా నిమరను చెల్లీ?"

"మా బావ బ్రాకెట్‌నీ నిమరలేదా?"

డాక్టర్ బొటనవేలిని పిడికిట్లో దాచుకుంది.

రన్‌వే పక్కన గడ్డిలో అక్క హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిచ్చుక వెళ్ళి పక్కన కూలబడి, జరిగింది చెప్పింది.

"మీ బావ అంత్యక్రియల్లో ఆ డాక్టర్ నా చెయ్యి వదల్లేదే," అంది అక్క.

"నిమిరిందా?"

అక్క గుర్తు తెచ్చుకుంది. "లేదు. ఊరికే పట్టుకుంది."

పిచ్చుక అక్క చెయ్యి అందుకుని బొటనవేలితో నిమిరింది. అప్పటిదాకా బిగబట్టుకున్న అక్క భోరుమంది.

సాయంత్రం పిచ్చుక లిప్‌స్టిక్ తిరిగిచ్చేసింది.

"ఎలా పనిచేసింది?" అన్నాడు బాబాయ్.

"రంగు బాగుంది," అంది.